డిస్కో బోధకుడు, గ్రేడు-2

రాష్ట్ర ప్రభుత్వంలో ‘డిస్కో బోధకుడు, గ్రేడు-2’ అనే ఉద్యోగం ఒకటుందంటే మీరు నమ్మరు. చేరిన కొత్తలో నేనూ నమ్మలేదు. రాష్ట్రం మొత్తానికి అది ఒక్కటే పోస్టు, అందులో ఉన్నది నేనొక్కణ్ణే. గ్రేడు-1 లేదు. ఎప్పుడూ లేదు. అది లేనప్పుడు గ్రేడు-2 ఎందుకని ఒకసారి రాతపూర్వకంగా అడిగాను. ‘పైన ఏమీ లేదన్న నిరుత్సాహం ఉద్యోగికి కలుగకుండుటకు’ అని పద్నాలుగు నెలలకు జవాబు వచ్చింది.

నా పేరు దొమ్మేటి సత్యలింగం. మాది కాకినాడ. యువజనోత్సాహ శాఖ జిల్లా కార్యాలయంలో ముప్పై ఏడేళ్ళు పనిచేశాను. పనిచేశానని నేను అనుకుంటున్నాను, ప్రభుత్వం అనుకోవడం లేదు. ఈ కథంతా ఆ చిన్న అభిప్రాయభేదం గురించే.

ఎనభైల్లో మా ఊళ్ళో డిస్కో గాలి ఎలా వీచిందో ఆనాటివాళ్ళకు చెప్పక్కర్లేదు. మెరిసే చొక్కా డిస్కో చొక్కా. ఎత్తు మడమల చెప్పులు డిస్కో చెప్పులు. పెళ్ళి ఊరేగింపులో గిరగిరా తిరిగే రంగుదీపం డిస్కో లైటు. జగన్నాథపురం వంతెన దగ్గర ఒకాయన మిరపకాయ బజ్జీని చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి డిస్కో బజ్జీ అని అమ్మేవాడు. జుత్తు చెవులమీదికి పెంచిన ప్రతివాడూ ఆ వీధికి డిస్కోగాడే. ఆ గాలి ఊళ్ళోంచి పూర్తిగా పోయాక, ఇంక ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని రూఢి అయ్యాక, 1988లో ప్రభుత్వం దాన్ని గుర్తించింది. ‘యువతరంలో డిస్కో పట్ల పొంగుచున్న ఉత్సాహమును క్రమబద్ధం చేయవలసిన ఆవశ్యకత దృష్ట్యా’ అంటూ జీవో వచ్చింది. ఒక పోస్టు మంజూరైంది.

ఇంటర్వ్యూకు పదకొండుమందిమి వెళ్ళాం. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకు డిస్కో రాదు. ఈ మాట ఇప్పుడింత ధైర్యంగా రాస్తున్నాను గానీ ముప్పై ఏడేళ్ళూ నా భార్య వీరవేణికి కూడా చెప్పలేదు. నాకు తెలిసిన డిస్కో అంతా మా సెలూను గోడమీది పోస్టరు. అందులో ఒకాయన తెల్లప్యాంటు వేసుకుని కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు ఆకాశంకేసి పెట్టి నిలబడి ఉంటాడు. క్షవరానికి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. పోస్టరు కదలదు కాబట్టి ఆ తర్వాత ఆయన ఏం చేశాడో నాకు తెలియదు.

బోర్డులో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. ముగ్గురి మొహాల్లోనూ డిస్కో అంటే ఏమిటో అవతలివాడికి తెలిసి ఉంటుందిలే అన్న నమ్మకం కనిపించింది.

“డిస్కో వచ్చునా?” అని అధ్యక్షులవారు అడిగారు.

“వచ్చునండి.”

“ప్రదర్శించుము.”

చెయ్యెత్తి, వేలు పైకి పెట్టి నిలబడ్డాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాను. రెండు నిమిషాలు గడిచాయి. చెమట చంకలోంచి నడుందాకా కారింది. నాకంటే ముందు వెళ్ళినవాళ్ళు నిజంగా గెంతారు, పొర్లారు, ఒకడైతే బల్లమీది సిరాబుడ్డి తన్నేశాడు. అధ్యక్షులవారు నన్ను కాసేపు చూసి పక్కాయనవైపు వంగి, “ఈ అభ్యర్థిలో స్థిరత్వం కలదు. ప్రభుత్వ సేవకు కావలసినది అదే” అన్నారు. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది.

చేరిన మొదటి వారమే నోటీసుబోర్డులో ప్రకటన పెట్టాం. డిస్కో నేర్చుకొనగోరు యువకులు నాలుగు ప్రతులలో దరఖాస్తు చేయవలెను, దేహదారుఢ్య పత్రం, తల్లిదండ్రుల నిరభ్యంతర పత్రం, సత్ప్రవర్తన పత్రం జతపరచవలెను. ఒకే ఒక్కడు దరఖాస్తు పెట్టాడు. దాన్ని పైకి పంపాం. అనుమతి వచ్చేసరికి అతనికి ఇద్దరు పిల్లలు. ఇంక నా దగ్గరికి డిస్కోకని ఎవరూ రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఖాళీగా ఉన్న ఉద్యోగిని ఖాళీగా ఉండనివ్వడం ఏ కలెక్టరుకూ ఇష్టముండదు. ఎన్నికలొస్తే నన్ను పంపారు, ఓటర్ల వేళ్ళకు సిరా పూశాను. జనాభా లెక్కలొస్తే సుద్దముక్క పట్టుకుని ఇంటింటి తలుపుమీదా నంబర్లు రాశాను. పోలియో చుక్కలు వేశాను. కోనసీమ తుఫానుకు తొమ్మిది రోజులు పడవల్లో తిరిగి టార్పాలిన్లు పంచాను. అచ్చు వేసి వదిలిన ఆంబోతులా ఊరంతా నన్ను గుర్తుపట్టేవారు, కాని ఏ శాఖవాడో ఎవరికీ తెలిసేది కాదు. ఏటా మార్చిలో ‘సదరు పోస్టును మరొక సంవత్సరం కొనసాగించడమైనది’ అని కాగితం వచ్చేది. ఆ కాగితం చూశాకే మా ఇంట్లో ఆవకాయకు జాడీలు కడిగేవాళ్ళం.

ఇలా ప్రశాంతంగా అరవై రెండో ఏటికి వచ్చాను. జూన్ ముప్పైన రిటైర్మెంటు. మార్చిలో మా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను చూసే పంపన నూకరాజు పింఛను కాగితాలు తయారుచెయ్యడానికి నా సర్వీసు రిజిస్టరు తీశాడు. నూకరాజు మంచివాడు. రూలు కనిపిస్తే చెప్పులు విప్పి చదివే రకం. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి, ఎవరో పోయిన కబురు చెప్పేవాడిలా నిలబడ్డాడు.

“సత్యలింగం గారూ, ఒక మాటండి. మీరు ఉద్యోగంలో చేరలేదండి.”

“ఏ ఉద్యోగంలో?”

“ఇదేనండి. మీరిప్పుడు కూర్చున్న కుర్చీలో.”

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. పరాయి కుర్చీ అన్న భావం వచ్చేసింది.

నూకరాజు విడమరిచి చెప్పాడు. చేరిన రెండేళ్ళలో డిపార్ట్‌మెంటు పరీక్ష పాసైతే ప్రొబేషను పూర్తయినట్టు ప్రకటిస్తారు. ప్రకటిస్తేనే సర్వీసు మొదలు. నేను పరీక్ష పాసవలేదు, ఎవరూ ఏదీ ప్రకటించలేదు. అంటే ముప్పై ఏడేళ్ళుగా నన్ను పనికొస్తానో రానో అని చూస్తున్నారన్నమాట.

“ఇంకా చూత్తానే ఉన్నారండి” అన్నాడు నూకరాజు జాలిగా.

“ఆ పరీక్ష ఎప్పుడన్నా పెట్టారా నూకరాజూ?”

“ఎలా పెడతారండి? పరీక్ష పెట్టాలంటే మీకంటే తక్కువ కాని హోదాలో ఉండి, డిస్కోలో అర్హత ఉన్నాయన కావాలి. రాట్రం మొత్తమ్మీద అర్హతున్నది మీరొక్కరేనండి.”

“అయితే నా పరీక్ష నేనే పెట్టుకుంటాను.”

“ఆయ్, అది స్వప్రయోజనం కిందకొచ్చేత్తాదండి. అసలు మీ అర్హత కూడా పరీక్ష పాసయ్యాకే కదండి తేలేది” అని, తనకే ఆశ్చర్యం వేసినట్టు కాసేపు గోడకేసి చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. జూన్ ముప్పైలోగా ఆ ప్రకటన రాకపోతే ముప్పై ఏడేళ్ళూ లేనట్టే. పింఛను లేదు, వీడ్కోలు సభ లేదు, సర్వీసు రిజిస్టరు ఆఖరి పేజీలో ఆఫీసరు సంతకం లేదు. వీరవేణి సభ కోసం అప్పటికే పట్టుచీర తీయించి గాలికి ఆరేసింది. నేను చెప్పింది మొత్తం విని కూర గరిటె చేత్తో పట్టుకునే అడిగింది.

“మరి ముప్పై ఏడేళ్ళూ పొద్దున్నే లేచి నేనెవరికండీ క్యారేజీ కట్టింది?”

నాకు డిస్కో రాదన్న సంగతి ఆ రోజైనా చెప్పేద్దామనుకున్నాను. గరిటె చూసి ఊరుకున్నాను.

మా జిల్లా అధికారిణి హేమనళిని గారు ఫైలు చూసి తీవ్రంగా స్పందించారు. ఆవిడ తీవ్రంగా స్పందించడమంటే కమిటీ వెయ్యడం. “డిస్కో అనగా ఏమి అన్న విషయమై శాఖాపరమైన స్పష్టత లేకుండా పరీక్ష నిర్వహించుట అపాయకరం” అన్నారు. ముగ్గురు సభ్యులు మూడు వారాలు కూర్చుని నివేదిక ఇచ్చారు. దాని ప్రకారం డిస్కో అనగా ఒకటి, ఒక తరహా సంగీతం, అది సాంస్కృతిక శాఖ పరిధి. రెండు, ఆ సంగీతానికి చేసే నాట్యం, ఇది మనది. మూడు, ఆ నాట్యం చేసే స్థలం, దానికి అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. నాలుగు, పూర్వం విదేశాలలో పాటల రికార్డులు దాచే గదికి కూడా ఇంచుమించు అదే పేరట.

నాలుగోది చూడగానే నూకరాజు ఎగిరి గంతేశాడు. మా రికార్డు రూము తాళాలు తొమ్మిదేళ్ళు నా దగ్గరే ఉన్నాయి. దాన్ని అనుభవంగా చూపించి పరీక్ష మినహాయించమని పైకి రాశాం. ‘సదరు గదిలో సదరు తొమ్మిదేళ్ళలో నాట్యం జరిగినదా? జరిగినచో చేసినవారి వివరములు’ అని తిరుగు టపాలో వచ్చింది. ఎలుకలని రాద్దామా వద్దా అని నూకరాజు ఒక పూట ఆలోచించి, చివరికి నిజాయితీగా రాశాడు. మినహాయింపు రాలేదు.

ఏప్రిల్ నెలాఖరుకు హెడ్డాఫీసు నుంచి సంయుక్త సంచాలకులు గజపతిరావు గారే స్వయంగా వచ్చారు. చిక్కుముడి ఏదైనా సరే ఇంకో ముడి వేసి విప్పగలరని ఆయనకు పేరు. ఫైలంతా చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని డిక్టేట్ చేశారు.

“పరీక్షకులు లేనిచో పరీక్షకులను తయారుచేసుకొనవలెను. తయారుచేయగల అర్హత అభ్యర్థి ఒక్కనికే గలదు. కావున అభ్యర్థి తన పరీక్షకులకు డిస్కోలో శిక్షణ ఇవ్వవలెను. తద్వారా అర్హత పొందిన పరీక్షకులు సదరు అభ్యర్థిని పరీక్షించవలెను.”

“అభ్యర్థికే అర్హత లేదు కదండి” అని నూకరాజు నసిగాడు.

“శిక్షణ ఇచ్చుటకు మాత్రం గలదు. పరీక్షించుటకు మాత్రం లేదు. చదువుకోండి” అన్నారు గజపతిరావు గారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఏడేళ్ళ తర్వాత మొదటిసారి ప్రభుత్వం నన్ను నా పని చెయ్యమంది.

మే ఐదున మీటింగు హాల్లో శిక్షణ మొదలైంది. బల్లలు గోడకు జరిపారు. హేమనళిని మేడం చెంగు బొడ్లో దోపుకుని ముందు వరసలో నిలబడ్డారు. నూకరాజు పొడుగు నోట్సుతో రెండో వరసలో ఉన్నాడు. శాఖ 1988లో కొన్న టేపురికార్డరు సీలు విప్పలేదు, విప్పితే తరుగు చూపించాలి. సంగీతం ఎలాగని తర్జనభర్జన పడుతుంటే పెరట్లో జనరేటరు గుర్తొచ్చింది. కరెంటున్నా సరే దాన్ని ఆన్ చేశాం. దడ్ దడ్ దడ్ దడ్ అంటూ ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టింది. డిస్కోకు తాళం అలాగే ఉండాలని కమిటీ నివేదికలో రాసి ఉందని మేడం సంతోషించారు.

మొదటిరోజు వాళ్ళకెదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తాను. వేలు పైకి పెట్టాను. అందరూ అలాగే పెట్టారు. గంటసేపు అలా నిలబడ్డాం. “చాలా లోతైన విద్య” అన్నారు మేడం, భుజం నొక్కుకుంటూ. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆవిడ అడగనే అడిగారు.

“సత్యలింగం గారూ, దీని తరువాతి ప్రక్రియ ఏది?”

ఎదురుగా రెండు వరసలవాళ్ళూ నిలబడి ఉన్నారు. బుర్రలో ఏమీ లేదు. చేతులకు ఏది అలవాటో అదే వచ్చింది. ఎడమచేత్తో ఎదురుగా గాలిలో ఒక పిల్లాడి గెడ్డం పట్టుకుని, కుడిచేత్తో రెండు చుక్కలు పిండాను. జనరేటరు దెబ్బకు సరిగ్గా కుదిరింది. నూకరాజు రాసుకున్నాడు. మేడం దానికి ‘బిందుపాతనం’ అని పేరు పెట్టారు. మర్నాడు రెండు చేతులూ చాచి టార్పాలిన్ దులిపి, కుడిపక్కకు తిరిగి పరిచాను. అది ‘పట విధూననం’. ఆ తర్వాత గాలిలో తలుపుమీద సుద్దముక్కతో నంబరు వేశాను, అది ‘ద్వారలేఖనం’. ఆఖరున ఎదుటివాడి వేలు పట్టుకుని సిరా పూశాను, అది ‘నఖచిహ్నం’. మొదటిరోజుదానికి ‘ఊర్ధ్వాంగుళి’ అన్న పేరు ఖాయమైంది. సంస్కృతంలో వినేసరికి ఇవన్నీ నిజంగానే ఎక్కడో ఉన్నాయేమోనని నాకే అనుమానం వచ్చింది.

శిక్షణ విపరీతంగా జయప్రదమైంది. మేడం నడుంనొప్పి తగ్గింది. పరీక్షకులు జబ్బుపడితే ప్రత్యామ్నాయం ఉండాలని హెడ్డాఫీసు మొత్తం సిబ్బందికి నేర్పించమంది. వాచ్‌మన్ నేర్చుకున్నాడు. టైపిస్టు నేర్చుకుంది. స్వయం ఉపాధి దరఖాస్తులతో వచ్చిన జనం పదిన్నర నుంచి పన్నెండుదాకా వరండాలో కూర్చుని తలుపు సందులోంచి చూసేవారు. ఒక ముసలాయన నూకరాజును పట్టుకుని, “బాబూ, ఇది వస్తేనే లోను ఇత్తారా?” అని అడిగాడు. నూకరాజు ఆ సంగతి మేడం దృష్టికి తీసుకెళ్ళాడు. ‘సూచన పరిశీలనార్హం’ అని ఆవిడ ఫైలుమీద రాశారు. పక్క జిల్లాలవాళ్ళు బస్సు కట్టించుకుని వచ్చి చూసి వెళ్ళారు. జూన్ పదిహేనుకు మా ఆఫీసులో పద్నాలుగుమందికీ డిస్కోలో అర్హతా పత్రాలొచ్చాయి. అవి ఇచ్చినవాణ్ణి నేనే. ఆఫీసు మొత్తంమీద డిస్కోలో అర్హత లేనివాణ్ణీ నేనే.

నూకరాజు తన నోట్సు టైపు చేయించి, ముప్పై రెండు పేజీల పాఠ్యప్రణాళికగా నా ముందు పెట్టాడు. ప్రతి పేజీ కింద ‘సరిచూసి ధ్రువీకరించడమైనది’ అని ఉంది. వరసగా సంతకాలు పెట్టేశాను. సంతకం పెట్టే కాగితాన్ని చదవడం నాకు ఎన్నడూ అలవాటు లేదు, ఈ వయసులో కొత్తగా ఎందుకని.

పరీక్ష జూన్ ఇరవై ఎనిమిదిన పెట్టారు. గజపతిరావు గారు హోదా రీత్యా అధ్యక్షులు, హేమనళిని గారు విషయ నిపుణులు, నూకరాజు సభ్య కార్యదర్శి. పొద్దున్న లిఖిత పరీక్ష. డిస్కో అనగానేమి అంటే నాలుగు అర్థాలూ రాశాను. మధ్యాహ్నం ప్రయోగ పరీక్ష. వీరవేణి ఆ పొద్దున నాకు కొత్త బనీను ఇచ్చి, “మీకు రానిదేముందండీ, మీరే కదా నేర్పింది” అని ధైర్యం చెప్పి పంపింది.

జనరేటరు మొదలైంది. అయిదు ప్రక్రియలూ చేశాను. ఒక్క తాళం తప్పలేదు. గర్వంగా ఉందని కూడా చెప్పాలి. నలభై రోజులు నేర్పేసరికి నాకు కాస్త వచ్చినట్టే అనిపించింది. చేసి, ఆయాసపడుతూ నిలబడి చూస్తే ముగ్గురూ తలలు వంచుకుని కూర్చున్నారు. గజపతిరావు గారు గొంతు సవరించుకున్నారు.

“అభ్యర్థి అన్ని ప్రక్రియలనూ విపరీత హస్తముతో చేసినాడు.”

“అంటేనండి?”

“ఊర్ధ్వాంగుళి ఎడమచేతితో చేయవలెను. మీరు కుడిచేయి ఎత్తితిరి. బిందుపాతనంలో బిందువు ఎడమచేతి నుండి పడవలెను. మీకు కుడిచేతి నుండి పడినది. పటమును ఎడమకు పరచవలసి ఉండగా కుడికి పరచితిరి.”

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నలభై రోజులూ నేను వాళ్ళకెదురుగా నిలబడ్డాను. నేను కుడిచెయ్యి ఎత్తితే వాళ్ళు అటువైపున్న చెయ్యి ఎత్తారు, అది వాళ్ళకు ఎడమ. నూకరాజు తన ఒంటిని చూసుకుని ‘ఎడమ’ అని రాసుకున్నాడు. పద్నాలుగుమందిలో ఒక్కరికీ తట్టలేదు. నేర్పినవాడికి అసలే తట్టలేదు.

“అయ్యా, నేను వాళ్ళకెదురుగా నిలబడి నేర్పానండి. అద్దంలో చూసినట్టు తిరగబడిపోయిందండి” అన్నాను.

గజపతిరావు గారు పాఠ్యప్రణాళిక తెరిచారు. “దీనిని ధ్రువీకరించినది ఎవరు?”

“నేనేనండి.”

“చదివి సంతకం చేసినారా?”

ముప్పై ఏడేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. పాసవడానికి రెండు మార్కులు తక్కువయ్యాయి. మేడం బయటికి వచ్చి, కళ్ళు తుడుచుకుని, “సత్యలింగం గారూ, వ్యక్తిగతంగా నాకు చాలా బాధగా ఉంది. అధికారికంగా లేదు” అన్నారు.

ఆ రోజు ఆఫీసు వెనక జనరేటరు పక్కన కూర్చుని ఏడ్చాను. పింఛను పోయినందుకు కాదు అని రాద్దామనుకున్నాను గానీ, అందుక్కూడా. అంతకంటే ఎక్కువ బాధ ఏమిటంటే, వాళ్ళు నన్ను తప్పించడం న్యాయమే. రాని విద్యకు ఉద్యోగం తీసుకున్నాను, చదవని కాగితంమీద సంతకం పెట్టాను. నా ఫైలు మొత్తంమీద సరైన నిర్ణయం అదొక్కటే.

మర్నాడు ఇంకో చిక్కు వచ్చింది. పరీక్ష తప్పాను కనుక సర్వీసులో చేరలేదు. చేరనివాణ్ణి రిటైర్ చెయ్యడానికి రూలు లేదు. గజపతిరావు గారు రెండు గంటలు ఆలోచించి డిక్టేట్ చేశారు. “సర్వీసు ప్రారంభం కానిదే ముగియజాలదు. కావున సదరు అభ్యర్థి జూలై ఒకటి నుండి రెండేళ్ళ ప్రొబేషనులో నూతనంగా ప్రవేశించినట్లు భావించవలెను. వయోపరిమితి విషయమై ప్రభుత్వ వివరణ కోరడమైనది.”

షామియానా అప్పటికే వేసేశారు. కుర్చీలొచ్చాయి, పులిహోర వచ్చింది. బ్యానరు మీద ‘పదవీ విరమణ’ అన్న చోట ‘పదవీ ప్రవేశ’ అని రాసిన తెల్లకాగితం అంటించారు. ముప్పయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికి వీరవేణి పట్టుచీర కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. గజపతిరావు గారు మైకు అందుకుని, “యువరక్తానికి స్వాగతం పలకడంలో మన శాఖ ఏనాడూ వెనుకంజ వేయలేదు” అన్నారు. యువరక్తం లేచి దండం పెట్టింది. శాలువా రిటైరయ్యేవాళ్ళకు మాత్రమే కనుక దాన్ని తిరిగి పెట్టెలో పెట్టి, నాకు ఒక పెన్నూ కొత్త గుర్తింపు కార్డూ ఇచ్చారు.

చివర్లో నా స్వాగతార్థం సిబ్బంది డిస్కో ప్రదర్శన పెట్టారు. జనరేటరు ఆన్ చేశారు. పద్నాలుగుమందీ రెండు వరసల్లో నిలబడ్డారు, ముందు మేడం. అందరూ ఎడమచేతులెత్తి వేళ్ళు పైకి పెట్టారు.

“ఇదేటండీ?” అంది వీరవేణి.

“నాకొచ్చిన డిస్కో ఇదొక్కటే” అన్నాను. ముప్పై ఏడేళ్ళ అబద్ధం అలా ఒక్క ముక్కలో బయటికొచ్చేసింది. ఆవిడకు అర్థమైందో లేదో, చూపు అటే ఉంది.

రెండోది మొదలైంది. పద్నాలుగుమందీ కనపడని గెడ్డాలు పట్టుకుని చుక్కలు పిండుతున్నారు. వీరవేణి ముందుకు వంగింది.

“పోలియో చుక్కలేత్తున్నారేటండీ ఆవిడ? మీరు ఆదివారాలు బస్టాండులో ఏసేవారు, అలాగే పట్టుకున్నారు.”

మూడోదానికి అందరూ చేతులు చాచి ఒక్కసారిగా దులిపారు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

“తుఫాను టార్పాలిన్లు. తొమ్మిది రోజులు కబురు లేదు. పదోనాడొచ్చి, దులిపీ దులిపీ చెయ్యి లేవట్లేదే అన్నారు. నూని రాత్తే ఏడిసేరు.”

“నేనేడవలేదు.”

“ఏడిసేరండి. ఇదిగో, ఇది జనాబా లెక్కలు. సుద్దముక్క జేబులో ఉంచేసి చొక్కాలన్నీ పాడుచేసేవోరు. ఇది ఏలికి సిరా. ఇదంతా మీరు చేసిందే కదండీ. వరసగా.”

జనరేటరు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. వీరవేణి కొట్టలేదు, చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. నా ముప్పై ఏడేళ్ళ సర్వీసునూ చదివి, సరిచూసి, ఒక్క పొరపాటు లేకుండా ధ్రువీకరించింది ఆవిడ ఒక్కతే. ఈ సంగతి నూకరాజుకు చెప్పాను. అతను నిజంగానే రూల్సు పుస్తకం తీసి చాలాసేపు వెతికాడు. భార్య సంతకం చెల్లదండి అన్నాడు.